కాలికి తగిలే టైల్ అంచు: అరగదీయాలా, మార్చాలా, వదిలేయాలా?

నేల తుడుస్తున్నప్పుడు తడిగుడ్డ ప్రతిసారీ ఒకేచోట పట్టుకుంటుంది. వంగి చూస్తే ఒక టైల్ అంచు పక్కదానికంటే పిసరంత ఎత్తులో ఉంటుంది. ఆ అంచు వెంట మురికి నల్లటి గీతలా పేరుకుని, గుడ్డలోంచి ఊడిన నూలుపోగు ఒకటి చిక్కుకుని కనిపిస్తుంది. చెప్పుల్లేకుండా నడిచేవాళ్లకు చీకట్లో కూడా ఆ చోటు తెలుస్తుంది. కాస్త అరగదీస్తే పోయేదానికి ఇంత ఆలోచన దేనికి అనిపిస్తుంది.

నాకూ అలాగే అనిపించింది. స్నానాల గది గుమ్మం దగ్గర ముదురు గోధుమరంగు టైల్ ఒకటి కాలికి తగులుతుంటే గ్రైండర్ తెచ్చి అంచు అరగదీశాను. రెండు నిమిషాల్లో అంచు నున్నబడింది. గోధుమరంగు పైపూత కూడా ఆ రెండు నిమిషాల్లోనే పోయి, కింద ఉన్న తెల్లటి మట్టి సుద్దగీతలా బయటపడింది. అంతకుముందు ఆ అంచు కాలికి మాత్రమే తెలిసేది. ఆ రోజు నుంచి కంటికీ తెలుస్తోంది.

టైల్‌ను అరగదీశాక ఆ పని వెనక్కి తీసుకోలేం. కాబట్టి చెయ్యి వేసే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి: అంచు ఎందుకు లేచింది, టైల్ లోపల ఏముంది. పనిముట్ల గురించి ఎంత చదివినా ఈ రెండూ తెలియకపోతే ఉపయోగం లేదు.

అసలు ‘అంచు బాగోలేదు’ అనే ఒక్క ఫిర్యాదు కింద మూడు వేర్వేరు లోపాలు ఉంటాయి. మొదటిది గరుకు: టైల్‌ను కోసినచోట పెచ్చులు రేగి, వేలు పెడితే గీసుకుంటుంది. గుమ్మాల దగ్గర, పైపుల చుట్టూ, మెట్ల అంచుల్లో ఇది ఎక్కువ. రెండోది ఎత్తు తేడా: పక్కపక్క టైల్స్ ఒకే మట్టంలో ఉండవు. పనివాళ్లు దీన్ని లిప్పేజ్ అంటారు. మూడోది కదలిక: టైల్ కింద పట్టు ఊడిపోయి, ఒక మూల లేచి ఉంటుంది. గరుకును సానపట్టి పోగొట్టవచ్చు. ఎత్తు తేడాకు కొలత కావాలి. కదిలే టైల్‌ను మాత్రం అరగదీయకూడదు. కింద ఆధారం లేని మూల గ్రైండర్ అదురుకు పుటుక్కున విరుగుతుంది.

కదలికను పసిగట్టడం తేలిక. చెక్కపిడి గానీ నాణెం గానీ తీసుకుని టైల్ మధ్యలో, నాలుగు మూలల్లో మెల్లగా కొట్టాలి. గట్టి పట్టు ఉన్నచోట శబ్దం బిగువుగా, పొట్టిగా వస్తుంది. ఖాళీ ఉన్నచోట డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగిన ప్రతి టైలూ ఊడిపోయే టైల్ కాదు. ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయేవి చాలానే ఉంటాయి. కానీ డొల్ల శబ్దంతో పాటు చుట్టూ గ్రౌట్ (టైల్స్ మధ్య సందులో నింపే పదార్థం) వెంట్రుకలా పగిలి ఉన్నా, మూల మీద బరువు వేస్తే సన్నగా కిర్రుమన్నా అనుమానం అక్కర్లేదు, పట్టు పోయినట్టే.

కార్డుతో కొలత

తేడా ఎంత ఉంటే తప్పు? టైల్ వేసినవాళ్లకూ వేయించుకున్నవాళ్లకూ గొడవంతా ఇక్కడే. అమెరికా టైల్ ప్రమాణాల ప్రకారం జాయింట్, అంటే టైల్స్ మధ్య సందు, వెడల్పు 6 మిల్లీమీటర్ల లోపు ఉంటే పక్కపక్క అంచుల మధ్య అంగుళంలో 32వ వంతు, అంటే సుమారు 0.8 మిల్లీమీటర్ల తేడాను అనుమతిస్తారు. జాయింట్ అంతకంటే వెడల్పుగా ఉంటే 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటారు. టైల్‌కు తయారీలోనే వచ్చిన వంపు ఏదైనా ఉంటే దాన్ని ఈ అంకెలకు అదనంగా కలుపుతారు. కొనేవాళ్లలో చాలామందికి తెలియనిది ఈ ‘అదనం’ సంగతే. టైల్‌లోనే అర మిల్లీమీటరు వంపు ఉంటే, సన్న జాయింట్‌లో కూడా 1.3 మిల్లీమీటర్ల మెట్టు ప్రమాణానికి లోబడినట్టే లెక్క.

ఇంత చిన్న కొలతకు ప్రత్యేక పరికరం కొనాల్సిన పని లేదు. బ్యాంకు కార్డు మందాన్ని అంతర్జాతీయ ప్రమాణం 0.76 మిల్లీమీటర్లుగా నిర్ణయించింది. పల్లంలో ఉన్న టైల్ మీద, లేచిన అంచుకు ఆనించి కార్డును పరచాలి. అంకెలు ఉబ్బెత్తుగా ఉండే పాత రకం కార్డయితే ఆ భాగం తగలకుండా చూసుకోవాలి. ఇప్పుడు కార్డు మీద నుంచి టైల్ వైపు గోరు జరపండి. గోరు ఆగకుండా వెళ్లిపోతే తేడా కార్డు మందానికి మించి లేదు. అంచుకు తగిలి ఆగితే ఇంకో కార్డు పేర్చండి. రెండు కార్డులు దాటినా గోరు ఆగుతుంటే ఒకటిన్నర మిల్లీమీటరు మించిందన్నమాట. అది కాలికి కచ్చితంగా తగులుతుంది.

కంటిని మాత్రం నమ్మవద్దు, ముఖ్యంగా ఉదయం, సాయంత్రం వేళల్లో. కిటికీలోంచి వెలుగు నేలకు 5 డిగ్రీల వాలులో పడితే ఒక్క మిల్లీమీటరు మెట్టు 11 మిల్లీమీటర్ల నీడ వేస్తుంది. మధ్యాహ్నం ఏ తేడా కనిపించని నేల సాయంత్రానికి దున్నిన మడిలా కనిపించడానికి కారణం ఇదే. గోడకు ఆనించి కిందికి వెలుగు చిమ్మే దీపాలు పెట్టుకున్న ఇళ్లలో ఈ బాధ రోజంతా ఉంటుంది. అలాంటిచోట ఒక్కోసారి నేలను ముట్టుకోకుండా దీపాన్ని జరిపితే చాలు.

ఎందుకు లేచింది?

మొదటి ముద్దాయి టైల్ కింద ఉన్న నేల. మట్టంగా ఉండటం వేరు, ఎగుడుదిగుడు లేకుండా ఉండటం వేరు. స్నానాల గది నేల నీళ్లు పోవడానికి వాలుగా ఉంటుంది, మట్టంగా ఉండదు. అయినా ఆ వాలులో గుంతలూ దిబ్బలూ లేకపోతే టైల్స్ చక్కగా కూర్చుంటాయి. ఒక్క వైపైనా 38 సెంటీమీటర్లకు (15 అంగుళాలకు) తగ్గని టైల్ వేయాలంటే, 3 మీటర్ల పొడవున నేలలో తేడా 3 మిల్లీమీటర్లు మించకూడదన్నది ప్రమాణం. చిన్న టైల్స్‌కు అంతకు రెట్టింపు తేడా ఉన్నా పరవాలేదు. చిన్న టైల్ గుంతలోకి ఒదుగుతుంది. పెద్ద టైల్ ఒదగదు, దిబ్బ మీద తక్కెడలా ఊగుతుంది. ఆ ఊగుడును కింద జిగురు దట్టించి ఆపాలని చూస్తే ఇంకో చిక్కు వస్తుంది. సిమెంటు జిగురు ఆరుతూ కొంచెం కుంచించుకుపోతుంది, మందంగా వేసినచోట ఎక్కువ కుంచించుకుపోతుంది. వేసిన రోజు సమంగా ఉన్న టైల్ వారానికి ఒక పక్కకు దిగడం వెనుక కథ ఇదే.

రెండోది టైల్‌లోనే ఉన్న వంపు. పొడవాటి టైల్స్ బట్టీలో కాలేటప్పుడు తరచూ మధ్యలో కాస్త ఉబ్బుతాయి. మిగిలిన టైల్స్ ఉంటే రెండింటిని ముఖాముఖి ఆనించి మధ్యలో నొక్కి చూడండి, కొసల దగ్గర సందు కనిపిస్తుంది. ఇలాంటి టైల్స్‌ను ఇటుకల వరుసలా సగానికి సగం జరిపి పేరిస్తే ఒకదాని ఉబ్బు పక్కన మరోదాని కొస వచ్చి కూర్చుంటుంది. మధ్య ఎత్తు, కొస పల్లం. గది పొడవునా ఒకే దూరంలో మళ్లీ మళ్లీ మెట్టు తగులుతుంటే మేస్త్రిని తిట్టే ముందు ఈ పేర్పును చూడాలి. పొడవాటి టైల్స్‌ను మూడో వంతుకు మించి జరపవద్దని ప్రమాణాలు చెప్పేది అందుకే.

ఇవి కాక అన్నీ బాగానే ఉన్న నేలలో హఠాత్తుగా రెండు టైల్స్ ఎదురెదురుగా ఇంటి కప్పులా లేవడం ఉంది. ఒక్కోసారి టపీమనే శబ్దంతో లేస్తాయి. అది అంచు సమస్యే కాదు. నేల వేడికి, తేమకు వ్యాకోచించడానికి చోటు లేక ఒత్తిడంతా బలహీనమైన జాయింట్ దగ్గర తేలింది. ఇంటి లోపల ప్రతి 6 నుంచి 7.5 మీటర్లకు, ఎండ నేరుగా పడేచోట ఇంకా దగ్గరగా, గ్రౌట్ బదులు సిలికాన్ లాంటి సాగే పదార్థంతో జాయింట్ వదలాలి. గోడల అంచున కూడా సన్నటి ఖాళీ ఉండాలి. అది లేకుండా లేచిన టైల్స్‌ను తిరిగి అతికిస్తే ఈసారి వాటి పక్కవి లేస్తాయి.

లోపల ఏముంది?

ఇక రెండో ప్రశ్న. మామూలు గ్లేజ్డ్ (గాజులాంటి పైపూత ఉన్న) సెరామిక్ టైల్‌లో రంగు, డిజైన్, మెరుపు అన్నీ పైన ఒక మిల్లీమీటరు కూడా లేని పొరలో ఉంటాయి. కింద ఎర్రటి లేదా తెల్లటి మట్టి. ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. అంచు 1.5 మిల్లీమీటర్లు లేచింది. దాన్ని కాలికి తెలియకుండా చేయాలంటే అంచు నుంచి 15 మిల్లీమీటర్ల లోపలి దాకా వాలుగా చెక్కాలి. గ్లేజ్ మందం అర మిల్లీమీటరు అనుకుంటే, ఆ 15లో అంచు వైపు 10 మిల్లీమీటర్ల వెడల్పున గ్లేజ్ పూర్తిగా పోయి మట్టి బయటపడుతుంది. నా గుమ్మం దగ్గర తేలిన తెల్లగీత సరిగ్గా ఈ లెక్కే. పైగా ఆ మట్టి నీళ్లు పీలుస్తుంది, మరకలు పట్టేస్తుంది.

గాజులా బిగిసేలా కాల్చిన విట్రిఫైడ్ టైల్స్‌లో పరిస్థితి కొంత నయం, అన్నిట్లో ఒకలా ఉండదు. ఫుల్ బాడీ రకంలో రంగు అడుగుదాకా ఒకటే. డబుల్ చార్జ్ రకంలో రంగు పొర కొన్ని మిల్లీమీటర్ల మందం ఉంటుంది. వీటిని అరగదీసినా రంగు నిలుస్తుంది. మెరుపు మాత్రం పోతుంది, దాన్ని మళ్లీ సన్నటి పాలిష్ ప్యాడ్లతో తెచ్చుకోవాలి. డిజిటల్ ముద్రణతో చెక్కలానో పాలరాయిలానో కనిపించే విట్రిఫైడ్ టైల్ మాత్రం ఈ విషయంలో సెరామిక్‌కు సోదరే, బొమ్మంతా పైపొరలోనే. మీ టైల్ ఏ రకమో తెలియకపోతే మిగిలిన ముక్కను అడ్డంగా విరిచి చూడండి. ముక్కలు లేకపోతే అలమర కిందో తలుపు చాటునో కోసిన అంచు ఎక్కడైనా బయటికి ఉందేమో వెతకండి.

పాలరాయి, గ్రానైట్, మొజాయిక్ నేలలది వేరే లోకం. వాటికి పైపొర అంటూ ఏదీ లేదు. గది మొత్తాన్ని బరువైన యంత్రంతో నీళ్లు పోస్తూ అరగదీసి, ముతక నుంచి సన్నటికి వరుసగా పాలిష్ చేస్తే తేడాలన్నీ ఒకేసారి పోతాయి. అక్కడ ఒక్క అంచును విడిగా చెక్కడం తెలివితక్కువ పని, ఎంత పాలిష్ చేసినా ఆ చోటు గుంతలా తెలుస్తూనే ఉంటుంది.

చేతిపని

గరుకు అంచుకు యంత్రం అక్కర్లేదు. డైమండ్ హ్యాండ్ ప్యాడ్ అని అరచేతిలో పట్టే స్పాంజి దిమ్మ దొరుకుతుంది, దాని ముఖాన వజ్రపు రేణువులు అతికించి ఉంటాయి. మట్టి సెరామిక్ అయితే కార్బోరండం సానరాయి కూడా సరిపోతుంది. ఉప్పు కాగితంతో విట్రిఫైడ్ టైల్ మీద కుస్తీ పడితే కాగితమే అరుగుతుంది.

ముందుగా పక్క టైల్ మీద, జాయింట్‌కు ఆనించి మాస్కింగ్ టేపు రెండు పొరలు అతికించాలి. అంచును నీళ్లతో తడపాలి. 100 లేదా 120 నంబరు ప్యాడ్‌ను (నంబరు పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది) అంచు మీద 45 డిగ్రీల వాలులో పట్టుకుని, టైల్ ముఖం వైపు నుంచి కిందికి, బయటికి తోయాలి. తోసిన ప్రతిసారీ ఎత్తి మళ్లీ పై నుంచి మొదలుపెట్టాలి. రంపంలా ముందుకూ వెనక్కూ లాగకూడదు. కింది నుంచి పైకి వచ్చే దెబ్బకు గ్లేజ్ ఊడి కొత్త పెచ్చులు లేస్తాయి. పది పదిహేను తోపుల తర్వాత తడి బురదను తుడిచి వేలితో చూసుకోవాలి. గీసుకోవడం ఆగితే 200కు, తర్వాత 400కు మారాలి. చివరికి అంచు మీద వెలుగు పడితే దారమంత సన్నటి తళుకు గీత కనబడాలి. అంతకు మించి అరగదీయడం అత్యాశ. పెచ్చు పెద్దదై గుంట పడి ఉంటే దాన్ని సానతో చదును చేయబోకండి. రంగు కలిపిన రెండు భాగాల ఎపాక్సీ జిగురును గుంటలో కొంచెం ఉబ్బెత్తుగా నింపి, గట్టిపడ్డాక బ్లేడుతో సమం చేస్తే సరిపోతుంది.

ఎత్తు తేడా ఒక కార్డు లోపు ఉండి, జాయింట్ 3 మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో ఉంటే ఇంకో ఉపాయం ఉంది. పాత గ్రౌట్‌ను తవ్వి తీసి, కొత్తదాన్ని ఎత్తు అంచు నుంచి పల్లపు అంచుకు వాలుగా నింపాలి. 3 మిల్లీమీటర్ల వెడల్పున ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ దిగే వాలు కాలికి మెట్టులా తోచదు. పాత గ్రౌట్ మీద పైపూతగా రాస్తే మాత్రం కొద్ది వారాల్లో పెచ్చులుగా లేస్తుంది. నా ఓటు చాలాసార్లు ఈ వాలు గ్రౌట్‌కే, ఎందుకంటే నచ్చకపోతే గ్రౌట్‌ను మళ్లీ తవ్వి తీసేయవచ్చు. టైల్ చివర వేరే రకం నేలను కలిసేచోట మెట్టు ఉంటే వాలు పట్టీ బిగిస్తే చాలు, టైల్ జోలికి పోనక్కర్లేదు.

యంత్రంతో అరగదీయక తప్పని సందర్భాలూ ఉన్నాయి. ఫుల్ బాడీ విట్రిఫైడ్ గానీ రాయి గానీ అయి ఉండాలి, టైల్ గట్టిగా పట్టుకుని ఉండాలి, మార్చడానికి మరో టైల్ లేకపోవాలి. అప్పుడు వేగం తగ్గించుకోగలిగే, నీళ్లతో వాడటానికే తయారైన పాలిషర్ వాడాలి. మామూలు గ్రైండర్ మీద నీళ్లు చిలకరిస్తూ పని చేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. తడి పాలిషర్‌ను కూడా కరెంటు లీకైతే వెంటనే ఆపే బ్రేకర్ ఉన్న లైనుకే తగిలించాలి. ఒకేచోట ఆపి నొక్కితే వేడికి అంచు చిట్లుతుంది, అందుకే చెయ్యి కదులుతూ ఉండాలి.

పొడిగా ఎందుకు చేయకూడదు అంటే, దుమ్ము. టైల్‌లో, రాతిలో, సిమెంటులో స్ఫటిక సిలికా ఉంటుంది. పొడిగా అరగదీస్తే అది కంటికి కనిపించనంత సన్నటి ధూళిగా గాలిలోకి లేచి ఊపిరితిత్తుల అడుగుకు చేరుతుంది. సిలికోసిస్ అనే నయం కాని జబ్బుకు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు అది కారణం. అమెరికా కార్మిక భద్రతా సంస్థ 2016లో ఖరారు చేసిన పరిమితి ఘనమీటరు గాలికి 50 మైక్రోగ్రాములు, అదీ 8 గంటల సగటున. మూడు మీటర్ల చదరపు గది, ఎత్తు 2.7 మీటర్లు అనుకుంటే ఆ గదిలోని గాలి మొత్తానికి ఇది 1.2 మిల్లీగ్రాములు. ఉప్పు రవ్వలు కొన్ని కలిపితే అంత బరువు. గ్రైండర్ రెండు నిమిషాల్లో లేపే తెల్లటి మబ్బును చూసినవాళ్లకు ఆ పరిమితి ఎంత సులువుగా దాటిపోతుందో చెప్పనక్కర్లేదు. ముక్కుకు కట్టిన చేతిరుమాలు దీన్ని ఆపదు. ముఖానికి బిగుతుగా అతుక్కునే ఎన్95 లేదా అంతకంటే మెరుగైన మాస్కు కావాలి, తడి పనికి కూడా.

మార్చాల్సి వస్తే

గ్లేజ్డ్ టైల్‌లో తేడా రెండు కార్డులు దాటినా, డొల్ల శబ్దంతో పాటు పట్టు పోయిన గుర్తులు ఉన్నా టైల్ మార్చడమే మేలు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. కాలికి తగిలేది ఎత్తు టైల్ కాబట్టి దాన్నే దోషిగా పట్టుకుంటారు. వంకర లేని ఒక పొడవాటి బద్దను మూడు నాలుగు టైల్స్ మీదుగా అన్ని వైపులా పరిచి చూడాలి. ఎత్తుగా అనిపించిన టైల్ చుట్టూ ఉన్నవాటితో సమంగానే ఉండి, ఒక్క పక్కది మాత్రమే కుంగి ఉండవచ్చు. అప్పుడు మార్చాల్సింది కుంగినదాన్ని.

తీసేటప్పుడు ముందు చుట్టూ గ్రౌట్‌ను పూర్తిగా కోసేయాలి. కంటికి అద్దాలు పెట్టుకుని, టైల్ మధ్యలో పగలగొట్టి, అక్కడి నుంచి ఉలితో అంచుల వైపు ముక్కలు ఊడదీస్తూ పోవాలి. జాయింట్‌లో ఉలి పెట్టి ఎత్తితే పక్క టైల్ అంచు ఎగిరిపోతుంది. స్నానాల గదిలో కింద నీళ్లు దిగకుండా వేసిన పొర, కొన్ని ఇళ్లలో నేలను వేడిచేసే తీగలు ఉంటాయి. ఉలి ఎంత లోతు దిగుతోందో చూసుకోవాలి. పాత జిగురును చెక్కి, కొత్త టైల్‌ను పొడిగా పెట్టి చూస్తే అది చుట్టూ ఉన్నవాటికంటే 3 మిల్లీమీటర్లు కిందికి కూర్చోవాలి, కొత్త జిగురుకు ఆ చోటు కావాలి. అంచున పళ్లున్న కర్నీతో నేల మీద, పలుచగా టైల్ వెనుక కూడా జిగురు రాసి, నొక్కి, ఒకసారి ఎత్తి వెనుకవైపు చూడండి. పొడి ప్రదేశంలో 80 శాతం, తడి ప్రదేశంలో 95 శాతం జిగురు అంటి ఉండాలి. మళ్లీ పెట్టి, బద్దతో సమం చేసి, కనీసం ఒక రోజు దాని మీద నడవకుండా ఉండాలి.

నా గుమ్మం దగ్గర బద్ద పరిచింది తెల్లగీత పడ్డ ఏడాది తర్వాత. నేను అరగదీసిన టైల్ మొదటి నుంచీ సరైన మట్టంలోనే ఉంది. గది లోపలి వైపున దాని పక్కది, మందంగా జిగురు వేసిన మూలలో కుంగింది. దాన్ని తీసి సరిగ్గా కూర్చోబెట్టాను. ఇప్పుడు కొత్త టైల్ అంచు, నేను చెక్కిన అంచు కంటే సరిగ్గా ఒక కార్డు ఎత్తులో ఉంది.